దాటేసినవి: నలభై ఒకటి

రాత్రి పదకొండున్నరకి
అరండల్‌పేటలో పురుగుమందుల కొట్టు పైన, మా ఆఫీసులో
ఏడు ఫోన్లు వరసగా మేలుకుంటాయి.
ఎవరి వేలూ తగలదు.
నేను రాసిన ప్రోగ్రామే ఒక్కోదాన్నీ తట్టి అడుగుతుంది:
నువ్వు ఆండ్రాయిడ్‌వా, ఐఫోన్‌వా?

చెప్పకపోతే పని ముందుకు పోదు.
ఒకదానికి వెనక్కెళ్ళే మీట కిందుంటుంది,
ఇంకోదాన్ని ఎడమ అంచు నుంచి వేలితో లాగాలి.
మిర్చి టిక్కీలకి
కోల్డు స్టోరేజీలో చోటడిగే యాప్ ఇది.
వట్టిచెరుకూరు రైతు చేతిలో ఏ ఫోనున్నా
చోటు దొరకాలి.
అందుకే ఆ ప్రశ్న.

మొదట్లో తప్పు రాశాను.
తెర వెడల్పు చూసి ఊహించుకోమన్నాను.
ఓ చవక ఫోన్‌ని ఐప్యాడ్ అనుకుని
లేని మీట కోసం వెతికి వెతికి
ముప్పయ్యో సెకనుకి చచ్చిపోయింది టెస్టు.
"మొహం చూసి తేల్చకూడదు కెజియా,
దాన్నే అడగాలి" అన్నాడు మస్తాన్‌వలి
పొద్దుటి టీ గ్లాసులో సిగరెట్టు ఆర్పుతూ.

ఆదివారం బ్రాడీపేట వెళ్ళాను.
నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు.
గళ్ళ నోటుబుక్కు మీద గీసిన పేట,
దారి తప్పడం కుదరదు.
మేడ మీద ఒక్క గది, టులెట్ బోర్డు.
ఫోన్లని పరీక్ష చేసే ఉద్యోగం అంటే
"మావాడి ఫోను కూడా వేడెక్కుతోంది, చూద్దువుగాని" అందావిడ.
ఇద్దరం నవ్వుకున్నాం.
మంచినీళ్ళు తెస్తానని లేచి
గుమ్మం దగ్గర ఆగింది.
"ఏ ఊరమ్మా?"
చేబ్రోలు దగ్గర.
"ఊళ్ళో ఎక్కడ?"
చెప్పాను.
"ఇంటిపేరు?"
చెప్పాను.
"అహ, ఊరికే. మీరేవిట్లో తెలిస్తే..."
వాక్యం అక్కడే నిలబడిపోయింది.
మంచినీళ్ళు రాలేదు.

కాదనలేదు ఆవిడ, అన్యాయంగా చెప్పకూడదు.
"మా ఆడపడుచు కొడుకు కోచింగుకొస్తానంటున్నాడు,
వాడు రాకపోతే నీకే. నెంబరిచ్చి వెళ్ళు."
ఇచ్చాను.
క్యాలెండరు కాగితం అంచున రాసుకుంది కూడా,
గ్యాసు బండ తారీఖు పక్కన.

సోమవారం రిపోర్టు.
పచ్చవి రెండొందల పన్నెండు, ఎర్రవి మూడు.
ఆ మూడింటి మీద అరగంట మీటింగు.
పసుపువి నలభై ఒకటి,
ఫలానా ఫోను కాదు గనక
పరీక్షే పెట్టకుండా దాటేసినవి.
వాటి సంగతి ఎవరూ ఎత్తరు.
ఓడిపోలేదు కదా!

నేనే రాశాను ఆ లైను:
ఇది ఆండ్రాయిడ్ కాకపోతే, వదిలెయ్.
రాసేటప్పుడు పునుగులు తింటున్నానేమో,
ఎంటర్ మీట మీద ఇంకా నూనె మరక.

నీకు ఇల్లెట్లా దొరికిందని మస్తాన్‌వలినడిగాను.
"ఎమ్యులేటర్‌ని పెట్టా.
మా ఫ్రెండు శేషసాయి పేరు మీద తీసుకున్నా.
ఏమడిగినా చెప్పమన్నదే చెప్పేవాడు, పాపం.
అద్దె టంచనుగా వెళ్ళింది.
బక్రీదు నాడు దమ్ము మూత తీసేదాకా
అన్నీ పచ్చవే."
నవ్వాడు. ఆ నవ్వు వాడికి బాగా అలవాటైంది.

ఆ రాత్రి నలభై ఒకటినీ తెరిచి కూర్చున్నాను.
ఇరవై రెండింటికి కారణముంది,
వేలిముద్ర లేని ఫోన్‌ని వేలిముద్ర అడగలేం.
పందొమ్మిదింటికి ఏమీ లేదు.
ఎవరో ఒకసారి జడిసి వదిలేశారు,
తర్వాత వచ్చినవాళ్ళం అలాగే ఉంచేశాం.
అడ్డు తీసి నడిపించాను.
పదహారు పచ్చగా వెళ్ళాయి.
మూడు ఎర్రబడ్డాయి. పర్లేదు,
ఎర్రదానితో పోట్లాడొచ్చు.

రెండయింది. కింద కొట్లోంచి మందు వాసన.
అద్దం పగిలిన ఏడో ఫోను
అడిగిన ప్రతిసారీ తనెవరో
అదే మాట, అదే వేగంతో చెప్తోంది.

గురువారంతో నెల మారుతుంది.
బ్రాడీపేటలో ఆవిడ
క్యాలెండరు కాగితం చింపుతుంది.